ఉప్పు లేని బరి

ఇసోమినే కుడిచెయ్యి వెదురుబుట్టలోకి వెళ్లింది. గుప్పెడు గాలి తీసుకుంది. దాన్ని బరి మీదికి ఎత్తుగా, వెడల్పుగా విసిరింది. హాలు గోడల వెంట వరసగా కూర్చున్న యాత్రికులు ఫోన్లు పైకెత్తారు.

"మల్లులు ఇలా ఉప్పు చల్లి బరిని శుద్ధి చేస్తారు," అని మైకులో చెప్పింది ఆట నడిపే హనాయే.

"ఉప్పేదీ?" అని ముందు వరసలోంచి ఒకాయన అడిగాడు. రోజూ ఎవరో ఒకరు అడిగేదే.

"అది మీరు ఊహించుకోవాలండీ. టిక్కెట్టులో ఊహ కూడా కలిసే ఉంది," అంది హనాయే. హాలంతా నవ్వింది.

అవతలి మూల ఒనికూరా తన వంతు గాలి చల్లి, అరచేతులకి అంటుకున్న లేని ఉప్పుని పొట్టమీద దులుపుకున్నాడు. దానికి ఇంకా గట్టిగా నవ్వారు. ఇసోమినే నవ్వలేదు. నవ్వకపోవడం ఆ ఆటలో అతని వాటా అని అందరూ అనుకుంటారు.

అసాకుసాలో నది ఒడ్డునున్న ఆ హోటల్లో రెండో అంతస్తు పెళ్లివిందులకి కట్టిన హాలు. పెళ్లిళ్లు లేని రోజుల్లో మధ్యాహ్నం పూట అక్కడ నీలం పరుపు పరిచి, దానిమీద గడ్డితాడు వలయం అమర్చి, దూరదేశాల వాళ్లకి సూమో కుస్తీ చూపిస్తారు. భోజనం కూడా అక్కడే. మల్లులు తినే పులుసు, అన్నం, బీరు. ఉప్పు మాటెత్తితే మాత్రం విందుల మేనేజరు కురియామా గారి ముఖం ముడుచుకుపోతుంది. ఆట మొదలుపెట్టకముందే, రిహార్సల్ నాడే ఆయన నడుం వంచి ఎంతో మర్యాదగా చెప్పేశారు. "ఉన్ని కార్పెట్ అండీ. ఉప్పు పడిందంటే తేమ పీల్చుకుని పాడైపోతుంది. బుట్ట ఉండనివ్వండి, ఫోటోల్లో బాగుంటుంది. ఉప్పొక్కటి వద్దు."

ఒనికూరా ఆ మాట విని పగలబడి నవ్వాడు. ఇసోమినే తలవంచి సరేనన్నాడు. ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు అతనికి. ఎందుకో ఆ రోజు అతనికే తెలియలేదు.

తెలియకపోవడానికేం లేదు నిజానికి. పదిహేనో ఏట తాలింఖానాలో చేరి, ముప్పై దాటాక సిగ కోయించుకుని కుస్తీ మానేసేదాకా, అంతకాలం బరిలో దిగిన మనిషి, టోర్నమెంట్‌లో ఒక్కసారి కూడా ఉప్పు చల్లలేదు. ఉప్పు పై రెండు తరగతుల వాళ్లది. కింది తరగతుల వాళ్లు పొద్దున్నే, కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నప్పుడు, నల్ల నూలు నడికట్టుతో వచ్చి, వంగి, ఢీకొని, గెలిచో ఓడో వెళ్లిపోవాలి. అతను ఉప్పు బస్తాలు మోశాడు. పెద్దవాళ్లు చల్లిన ఉప్పుని చీపురుతో ఊడ్చాడు. ఎండాకాలం పాదాల పగుళ్లలో అది చేరి మండితే కూడా ఇష్టంగానే ఉండేది. ఏదో ఒకరోజు చల్లేవాణ్నే కదా అనుకునేవాడు.

ఆ ఒకరోజు ఒక్కసారి చాలా దగ్గరికి వచ్చింది. కింది తరగతిలో పైవరసకి ఎక్కి, ఆ టోర్నమెంట్‌లో మూడు గెలిచి మూడు ఓడి, ఆఖరి పందెం మిగిలింది. గెలిస్తే పై తరగతి. పట్టు నడికట్టు, విసనకర్రలాంటి జింకో ఆకులా విచ్చుకున్న సిగ, ఉప్పు. అవతల నిలబడ్డది ఒనికూరా. అతనిదీ అదే లెక్క. ఇద్దరిలో ఒక్కడే పైకి వెళతాడు. సమయం మిగిలితే ఆ ఆఖరి పందేల వాళ్లకి కూడా ఉప్పు చల్లనిస్తారు. ఆ రోజు ముందు పందేలు సాగిపోయి సమయం మిగల్లేదు.

మొదటి ఢీలో అంతా తేలిపోతుందని వస్తాదు గారు చెబుతుండేవారు. నుదురుతో వెళ్లు, రెండు ఎముకలు తగిలిన చప్పుడు నీకంటే ముందు జనానికి వినపడాలి అనేవారు. ఇసోమినే నుదురుతో వెళ్లాడు. జన్మలో అంత సూటిగా ఎప్పుడూ లేవలేదు. కానీ అక్కడ ఎవరూ లేరు. ఒనికూరా అడుగు పక్కకి వేసి, మెడమీద చెయ్యి ఒక్కటి పెట్టాడు, అంతే. ఇసోమినే రెండు అరచేతులూ మట్టిలో ఉన్నాయి. జనం ఉసూరుమన్నారు. అలా పక్కకి తప్పుకుని గెలిచినవాణ్ని చూసి ఎవరూ చప్పట్లు కొట్టరు. కానీ గెలుపు గెలుపే. ఒనికూరా పై తరగతికి వెళ్లాడు. ఒకే ఒక్క టోర్నమెంట్ ఆడి, మోకాలు పోగొట్టుకుని, మళ్లీ కిందికి జారాడు. ఇసోమినే ఆ తర్వాత అంత ఎత్తుకి రానేలేదు.

కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపానికి ఒక వయసుంటుంది, ముసలిదై చచ్చిపోతుంది. అతనికి మిగిలింది కోపం కాదు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది కదా, అలాంటిది. రావలసిన దెబ్బ రాలేదు. జుట్టు మొదట్లో, నుదుటి పైభాగాన, అరచేతి మందాన ఒక చోటు ఇంకా ఆ దెబ్బ కోసం ఎదురుచూస్తూనే ఉంది. రైలు కదిలేటప్పుడు కుదుపుకి అందరూ వెనక్కి వాలితే అతను ముందుకి వాలేవాడు. నది అవతల ఒంటిగదిలో ఉదయాన్నే మెలకువ వచ్చి, పక్కవీధి తాలింఖానాలో కుర్రవాళ్లు ఢీకొనే చప్పుడు వినిపిస్తే, దుప్పటిలోంచే మెడ బిగుసుకునేది.

హోటల్ వాళ్లు ఈ ఆట మొదలుపెడుతూ, జోడీగా ఇంకొకరు కావాలి, ఎవరైనా తెలుసా అని అడిగినప్పుడు, ఇసోమినే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒనికూరా పేరే చెప్పాడు. "మంచి మనిషి. నలుగుర్ని నవ్విస్తాడు," అన్నాడు. అబద్ధం కాదు. అతని గుణం నిజంగానే మంచిది. కానీ పేరు చెప్పింది అందుకు కాదని, చెప్పిన నోటికి తెలుసు.

ఆటలో గెలుపు రోజూ ఇసోమినేదే. అలా రాసింది హనాయే. ఉరిమిచూసేవాడు గెలవాలి, నవ్వించేవాడు ఓడాలి, అప్పుడే జనం తృప్తిగా భోజనం చేస్తారని ఆమె లెక్క. ఢీ కూడా ఆటలోదే. ఇద్దరూ లేచి భుజాలు ఆనించేసరికి ఒనికూరా తన రొమ్ము తనే అరచేత్తో ఛట్‌మని కొట్టుకుంటాడు. చప్పుడు హాలంతా మోగుతుంది. బల్లలమీద బీరుగ్లాసులు వణికాయని కూడా కొందరు యాత్రికులు రివ్యూల్లో రాశారు. ఇసోమినే నుదుటికి మాత్రం ఏమీ తగలదు.

ఆ రోజు ఆట అయ్యాక, విగ్గులు తీసి స్టాండుకి తగిలిస్తూ ఒనికూరా అన్నాడు, "ఒరేయ్, ఈ శనివారంతో నాకు ఆఖరు."

"దేనికి ఆఖరు?"

"దీనికి. ఈ కోడిపుంజు వేషానికి." ఒనికూరా కుర్చీలో కూలబడి మోకాలికి చుట్టిన పట్టీ విప్పాడు. మోకాలు ఉబ్బి, గుమ్మడికాయలా ఉంది. "అకితా వెళ్లిపోతున్నా. ముందు దీన్ని కోయించుకోవాలి. తర్వాత మా అక్క పనిచేసే వృద్ధాశ్రమంలో ఉద్యోగం. ముసలాళ్లని ఎత్తి స్నానాల తొట్టిలో దించడం."

"నువ్వా?"

"నడికట్టు ఉంటే పట్టుకుని ఎత్తేవాణ్నే. ఉండదటగా, అదే కష్టం అంటోంది అక్క."

హనాయే తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో మైకు ఇంకా ఉంది. "ఒనికూరా గారూ, కురియామా గారికి చెప్పేశాను. కొత్తతన్ని చూస్తామన్నారు. మీ అంత నవ్విస్తాడో లేదో."

"పొట్ట ఎంతుంది?"

"మీ దాంట్లో సగం."

"అయితే సగమే నవ్విస్తాడు," అన్నాడు ఒనికూరా. ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది.

ఇసోమినే విగ్గు దువ్వుతూనే ఉన్నాడు. సిగకి రాసే నూనె వాసన తియ్యగా వస్తోంది. అసలు విగ్గుకి ఆ నూనె అక్కర్లేదు. అతనే సొంతంగా తెచ్చి రాస్తాడు. ఈ వాసన తన తలమీద ఆఖరుసారి ఎప్పుడు నిజంగా ఉందో గుర్తుచేసుకుందామని చూస్తే, మొదటిసారి గుర్తొస్తుందే తప్ప ఆఖరుసారి గుర్తురాదు.

"ఏంటి, మాట్లాడవు?" అన్నాడు ఒనికూరా. "నేను వెళ్తుంటే నా వీపు మీద ఉప్పు చల్లుదామని ఆలోచిస్తున్నావా? ఎలాగూ చేతి దురద తీరలేదు నీకు."

ఇసోమినేకి వస్తాదు గారి భార్య గుర్తొచ్చింది. ఒకసారి ఎవడో పత్రిక మనిషి వచ్చి తాలింఖానా గదుల్లో జరిగేవీ జరగనివీ కూపీ లాగుతుంటే, ఆవిడ కిమ్మనకుండా టీ ఇచ్చి, అతను గుమ్మం దాటగానే వంటింట్లోంచి ఉప్పు తెచ్చి వీపు వెనకే విసిరింది. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు అని దాని అర్థం. అమ్మగారు ఉప్పు చల్లిన మనిషి నిజంగానే మళ్లీ రాలేదు.

"ఒక్కమాట అడుగుతాను," అన్నాడు ఇసోమినే. "శనివారం... మొదటి ఢీ నిజంగా చేద్దాం."

ఒనికూరా పట్టీని మెల్లిగా చుట్టచుట్టాడు. అడుగుతాడని ఇన్నాళ్లూ ఎదురుచూస్తున్నట్టే ఉంది అతని ముఖం. ఇసోమినే అది చూసి సిగ్గుపడ్డాడు.

"నిజంగా అంటే?"

"రొమ్ము కొట్టుకోవద్దు. సూటిగా రా. ఒక్క ఢీ. తర్వాత ఆట ఎప్పటిలాగే. నేనే తోసేస్తాను, నువ్వే పడు."

"ఇద్దరికీ నలభై దగ్గర పడుతోంది, ఒరేయ్."

"తెలుసు."

"మోకాలు పోతే?"

ఇసోమినే దువ్వెన కింద పెట్టాడు. ఆ మాట ముందే ఆలోచించాడు. ఆలోచించి కూడా అడిగాడు. అదీ సిగ్గే.

ఒనికూరా నవ్వాడు. "సరేలే. ఎలాగూ కోయించుకోబోతున్నా. కోసేవాడికి కాస్త పని పెంచుదాం."

శనివారం దాకా ఇసోమినే బాగా తిన్నాడు, బాగా నిద్రపోయాడు. ఉదయాన్నే నది ఒడ్డున రెయిలింగు దగ్గర కాళ్లు ఎత్తి దించుతూ తొక్కుడు సాధన చేశాడు. ఆ పక్కగా కుక్కని నడిపిస్తున్న ఒకావిడ "ఏమైనా టోర్నమెంటా?" అని అడిగితే, "అవునండీ, ఒక్క పందెం," అన్నాడు. ఆ మాట అనేసరికి గుండెలో ఏదో వెలిగినట్టైంది. ఇన్నేళ్లలో ఇలా జవాబు చెప్పేలా ఎవరూ అడగలేదు.

శనివారం హాలు నిండిపోయింది. ఎండ కిటికీ తెరల్లోంచి వచ్చి నీలం పరుపు మీద పడింది. హనాయే వాళ్ల పేర్లు సాగదీసి పిలిచింది. ముందు నవ్వులాట అయింది. వేళ్లు వెనక్కి విరవడం, జుట్టు లాగడం లాంటి నిషేధాలన్నీ ఒనికూరా ఒక్కొక్కటే చేసి, ఒక్కొక్క దానికీ తిట్లు తిన్నాడు. పిల్లలు కుర్చీలు దిగి ముందుకి వచ్చి కూర్చున్నారు.

తర్వాత అసలు పందెం. ఇసోమినే మూలకి వెళ్లి బుట్టలో చెయ్యి పెట్టాడు.

చేతికి ఏదో తగిలింది.

గరుకుగా, చల్లగా, గింజలు గింజలుగా ఉంది. వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి. తలెత్తి చూశాడు. అవతలి మూల ఒనికూరా ఏమీ ఎరగనట్టు చంక తుడుచుకుంటున్నాడు. పెదవి చివర మాత్రం వణుకుతోంది, నవ్వు ఆపుకుంటున్నాడు. అతని బుట్టలో ఉప్పు లేదు, ఎప్పటిలా గాలే చల్లాడు. ఉప్పంతా ఇటే పోశాడు.

"ఇప్పుడు ఉప్పు చల్లుతారు," అంది మైకులో హనాయే. "మీరు ఊహించుకోవాలి."

ఇసోమినే చెయ్యి పైకి లేచింది. విసరాలి. అందరూ చూస్తున్నారు. ద్వారం దగ్గర కురియామా గారు కూడా ఉన్నారు, కానీ చెయ్యి ఆగింది ఆయన్ని చూసి కాదు. ఇన్నేళ్లూ ఈ చెయ్యి నేర్చుకున్నది వేళ్లు విప్పి ఏమీలేనిదాన్ని విసరడం. ఏదైనా ఉన్నప్పుడు ఎలా విప్పాలో దానికి తెలియలేదు. చెయ్యి గాలిలో ఊగింది, పిడికిలి విడలేదు. యాత్రికులకి తేడా తెలియలేదు. చప్పట్లు కొట్టారు.

గీత దగ్గరికి వచ్చి ఇద్దరూ వంగారు. ఒనికూరా కళ్లలో నవ్వు లేదిప్పుడు. ఆ కళ్లని ఇసోమినే ఎరుగును. ఆనాడు టోర్నమెంట్ జరిగిన ఆ పెద్ద భవనంలో కూడా ఇంత దగ్గరగానే చూశాడు. కానీ ఆనాడు అవి పక్కకి చూశాయని, అప్పుడు తాను గమనించలేదని ఇప్పుడు తెలిసింది. ఇప్పుడవి పక్కకి చూడటం లేదు. ఇతను వస్తున్నాడు. నిజంగా, సూటిగా, ఆ మోకాలితోనే వస్తున్నాడు.

నుదుటిమీద ఆ చోటు మండింది. కుడి పిడికిలిలో ఉప్పు నలిగింది. పిడికిళ్లు రెండూ నేలకి ఆనాయి.

ఒనికూరా లేచాడు. కొండ కదిలినట్టు వచ్చాడు. ఆ ఒక్క క్షణం చాలా పెద్దదిగా ఉంది ఇసోమినేకి. అంతలో ఎన్నో చూశాడు. ఈ ఢీ తగిలాక సాయంత్రం ఎలా ఉంటుందో చూశాడు. గదిలో, దుప్పటిలో, పక్కవీధి చప్పుడు వింటూ పడుకున్న మనిషిని చూశాడు. ఆ మనిషి మెడ ఇక దేనికీ బిగుసుకోదు.

కాళ్లు పక్కకి వెళ్లాయి.

వెళ్లమని అతను చెప్పలేదు. ఎడమచెయ్యి ఒనికూరా మెడమీద పడిందో లేదో, ఆ పెద్ద శరీరం తనని దాటి ముందుకి పోయి, రెండు అరచేతులూ పరుపుకి కొట్టుకుని పడింది.

 చప్పట్లు వర్షంలా కురిశాయి. ఇది తప్పని వాళ్లకెవరికీ తెలియదు. ఉసూరుమనే వాళ్లు ఒక్కరూ లేరు. ఒనికూరా బోర్లా పడ్డవాడు అలాగే ఉండి, భుజాలు కదుపుతున్నాడు. ఏడుస్తున్నాడేమోనని ఇసోమినే భయపడ్డాడు. నవ్వుతున్నాడు. అరచేత్తో పరుపుని దబదబా బాదుతూ నవ్వుతున్నాడు.

తర్వాత ఒక యాత్రికుడికి దూది కుక్కిన లావు దుస్తులు తొడిగి బరిలోకి దించారు. గెలిచినవాడే తర్వాత దిగేవాడికి గరిటెతో నీళ్లందించాలి. ఇసోమినే గరిటెని ఎడమచేత్తో పట్టుకుని అందించాడు. కుడిచెయ్యి నడికట్టు పక్కన ముడుచుకునే ఉంది. ఒనికూరా మూలనుంచి అది చూశాడు.

సామాను సర్దుకుని, ఉతకాల్సిన దుప్పట్ల బండ్లు వచ్చిపోయే వెనక గుమ్మం దగ్గరికి ఇద్దరూ నడిచారు. టాక్సీ ఇంకా రాలేదు. ఒనికూరా బ్యాగు కింద పెట్టి దానిమీద కూర్చున్నాడు.

"మోకాలు?" అన్నాడు ఇసోమినే.

"ఉంది. పడేటప్పుడు పరుపు ఎంత మెత్తగా ఉందో ఇన్నాళ్లకి తెలిసింది. ఆనాడు నీకు మట్టి. నాకు పరుపు. అదృష్టవంతుణ్ని." మోకాలు రుద్దుకుంటూ అన్నాడు, "నేనప్పుడు ఎందుకు తప్పుకున్నానో నువ్వెప్పుడూ అడగలేదు."

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పడానికేముంది, నాకూ తెలీదు. ఆడాలని వంగాను. కాళ్లు వెళ్లిపోయాయి. ఇప్పుడు నువ్వూ చేశావుగా. నీకేమైనా తెలిసిందా? తెలిస్తే చెప్పు, రైల్లో ఆలోచించుకుంటాను."

తనకి తెలిసిందేమో అని ఇసోమినే వెతుక్కున్నాడు. భయమా, జాలా, ఇంకేదైనానా? మోకాలి కోసమే తప్పుకున్నానని చెబితే బాగానే ఉంటుంది, ఒనికూరా నమ్ముతాడు కూడా. కానీ ఆ క్షణంలో మోకాలు గుర్తే లేదు. గుర్తున్నది ఒక్కటే. ఈ ఎదురుచూపు లేకపోతే తనకి మిగిలేది ఏదీ కనిపించలేదు.

"తెలీదు," అన్నాడు.

"మంచిది," అన్నాడు ఒనికూరా. "ఇద్దరం సమానం."

టాక్సీ వచ్చింది. ఒనికూరా బ్యాగెత్తి, వంగి ఒక నమస్కారం పెట్టాడు. పందెం అయ్యాక బరి అంచున పెట్టే నమస్కారం, పూర్తిగా, తొందరలేకుండా. ఇసోమినే కూడా వంగాడు. తలెత్తేసరికి ఒనికూరా కుంటుతూ నడుస్తున్నాడు. వెడల్పాటి వీపు, చొక్కా చెమటకి అంటుకుని ఉంది.

ఇప్పుడు కుడి పిడికిలి తెరుచుకోబోయింది. వేళ్లు వాటంతట అవే వదులయ్యాయి, ఇందాక ఎంత బతిమాలినా వదలనివి. ఎదురుగా ఖాళీ రోడ్డు, ఎండ, పైన ఆకాశం. కార్పెట్ లేదు, కురియామా గారు లేరు. చెయ్యి లేపి ఎత్తుగా, వెడల్పుగా ఒక్కసారి విసరొచ్చు.

కానీ అటు ఆ వీపు ఉంది.

ఇసోమినే వేళ్లు మళ్లీ బిగించి, ఆ చేతిని వెనక్కి, నడుం వెనక దాచుకున్నాడు. ఎడమచెయ్యి ఎత్తి ఊపాడు. టాక్సీ కిటికీలోంచి ఒనికూరా లావుపాటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి, గాల్లో గుప్పెడు ఉప్పు చల్లినట్టు విదిలించింది. ఖాళీ చేతితో, నవ్వుకి. టాక్సీ వంతెనవైపు తిరిగింది.

అది కనిపించకుండా పోయాక కూడా అతను చెయ్యి తెరవలేదు. వెళ్లిన దారి ఇంకా ఎదురుగానే ఉంది.

దుప్పట్ల బండి తోసుకుంటూ లాండ్రీ ముసలావిడ బయటికి వచ్చింది. అతని పిడికిలి కిందినుంచి, చెమటకి కరిగిన ఉప్పు ఒక్కొక్క చుక్కే గచ్చు మీద పడటం చూసి ఆగింది.

"చేతిలో ఏంటి నాయనా?"

"ఏమీ లేదండీ," అన్నాడు ఇసోమినే.